మూడోసారి అడగలేదు

పూరాన్ ఖానుమ్ నలభై ఏళ్ళుగా సినిమాల్లో టీ పళ్ళెం పట్టుకొస్తోంది. హీరోకి తల్లిగా తెచ్చింది, హీరోయిన్‌కి అత్తగా తెచ్చింది, ఒక సినిమాలో చచ్చిపోయి కొడుకు కలలోకొచ్చి కూడా టీయే ఇచ్చింది. తెహ్రాన్ బజారులో ఎవరైనా ఆమెను గుర్తుపడితే పేరు చెప్పరు, గౌరవంగా ఖానుమ్ అని కూడా అనరు, "అదుగో, టీ తెచ్చే అమ్మ!" అంటారు. ఆమె నవ్వి ఊరుకుంటుంది. ఆ నవ్వు ఎంత చేదో ఆమెతో కలిసి ఉండే అక్క ఎఫ్ఫత్‌కు ఒక్కదానికే తెలుసు.

అలాంటి మనిషిని వెతుక్కుంటూ ఓ మధ్యాహ్నం రోజాన్ వచ్చింది. ముప్పై దాటిన దర్శకురాలు. తీసినవి రెండే సినిమాలు, అందులో రెండోది ఈ ఏడు జాతీయ చలనచిత్రోత్సవంలో పోటీకి నిలిచింది. ఇప్పుడు చేతిలో కొత్త స్క్రిప్టు ఉంది. తేనెపెట్టెలు లారీకెక్కించుకుని, పూలు ఎక్కడ పూస్తే అక్కడికి కొండల వెంబడి తిరిగే ఒక వితంతువు కథ. మొదటి సీను నుంచి చివరి సీను దాకా అంతా ఆవిడే. లారీ నడపాలి, దారి అడ్డగించే మగాళ్ళను దులిపెయ్యాలి, తేనెటీగలతో కబుర్లాడాలి. కథ మొత్తంలో టీ పళ్ళెం ఊసే లేదు.

"ఇది మీరే చెయ్యాలి, పూరాన్ ఖానుమ్," అంది రోజాన్.

పూరాన్ గుండె గంతులేసింది. నోరు మాత్రం తన అలవాటు తాను మానలేదు. "అయ్యో, నేనెక్కడ, ఇంత పాత్రెక్కడ! నాకంటే గొప్పవాళ్ళు బోలెడుమంది ఉన్నారు తల్లీ. ఈ వయసులో నన్నెందుకు లాగుతావు, వద్దులే."

ఇది వద్దనడం కాదని ఆ ఊళ్ళో పసిపిల్లను అడిగినా చెబుతుంది. దీన్ని తారోఫ్ అంటారు. ఇచ్చేవాళ్ళు మూడుసార్లు ఇవ్వజూపాలి, పుచ్చుకునేవాళ్ళు రెండుసార్లు వద్దనాలి, మూడోసారి "మీరింతగా అంటున్నారు కాబట్టి" అంటూ చెయ్యి చాపాలి. టాక్సీవాడు కూడా డబ్బులివ్వబోతే "మీకంటే ఎక్కువా, ఉంచండి" అంటాడు. నిజమే కాబోలని దిగి వెళ్ళిపోతే వీధి చివరిదాకా తరుముకొస్తాడు. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకొక సామెత ఉంది, పెద్దల ముందు అనకూడదు. వీళ్ళు ఆ సామెతలోనే కాపురముంటారు.

రోజాన్ తల దించుకుంది. "మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను ఖానుమ్, క్షమించండి," అని లేచి, స్క్రిప్టు బల్ల మీదే వదిలేసి, చెప్పులు వేసుకుంది.

పూరాన్ తలుపు పట్టుకుని నిలబడిపోయింది. రెండోసారి అడగాలి కదా? ఇప్పుడు వెనక్కి తిరుగుతుంది, ఇదిగో తిరుగుతుంది అనుకుంటుండగానే కింద వీధి తలుపు మూసుకున్న చప్పుడయింది.

"వెళ్ళిపోయిందా?" వంటింట్లోంచి ఎఫ్ఫత్ అడిగింది.

"వెళ్ళిపోయింది."

"మళ్ళీ చేశావన్నమాట."

"ఒక్కసారే అన్నానక్కా! ఆ పిల్ల రెండోసారి అడక్కపోతే నేనేం చెయ్యను?"

"నీ మర్యాద మండిపోను! వెనకటికి ఆ పంతులమ్మ వేషానికి రెండుసార్లు అడిగారు, మూడోసారి అడగలేదని నెల్లాళ్ళు ఏడ్చావు. ఆ వేషం షొకూహ్ ఎగరేసుకుపోయి తారైపోయింది. ఇప్పుడు ఒక్కసారికొచ్చింది. ఇంకొన్నాళ్ళు ఆగు, అసలు అడిగేవాళ్ళే ఉండరు. ఫోను చెయ్యి."

"ఫోను చేసి ఏమనను? నాకివ్వమ్మా అని అడుక్కోనా? సిగ్గు లేదూ?"

"సిగ్గుంటే టీ మోసుకో," అని ఎఫ్ఫత్ కుక్కరు మూత బిగించింది.

పూరాన్ ఫోను చెయ్యలేదు. స్క్రిప్టు మాత్రం కంఠతా వచ్చేసింది. ఇంటి ముందు ఆగి ఉన్న పాత కారులో కూర్చుని, స్టీరింగు పట్టుకుని, లేని తేనెటీగలను బుజ్జగించేది. పక్కింటివాళ్ళు ఎఫ్ఫత్‌ను పిలిచి, చెల్లెలి ఆరోగ్యం ఎలా ఉందని గొంతు తగ్గించి అడిగారు. ఈలోగా పత్రికలో పడింది: రోజాన్ కొత్త సినిమాలో షొకూహ్ నటించవచ్చునట, ఉత్సవం ముగిశాక ఖాయం చేస్తారట. ఆ పూట పూరాన్ అన్నం ముట్టలేదు.

అప్పుడే ఉత్సవం వాళ్ళ నుంచి ఫోనొచ్చింది. ముగింపు సభలో ఉత్తమ దర్శకత్వం బహుమతి పెద్దావిడగా మీరే అందించాలన్నారు. పూరాన్ అయ్యో నేనా అంది, వాళ్ళు మీరేనన్నారు. నాకెందుకులెండి అంది, తప్పదన్నారు. మూడోసారికి ఒప్పుకుంది. "ఇలాంటివాటికి మాత్రం పద్ధతిగా అడిగి చస్తారు," అని ఫోను పెట్టేసి కళ్ళు తుడుచుకుంది.

ఆ సాయంత్రం బయట బహ్మన్ నెల మంచు కురుస్తోంది, లోపల హాలు కిటకిటలాడుతోంది. వేదిక మీద బల్లపై బహుమతిగా ఇచ్చే గాజు పక్షి, సీముర్గ్, రెక్కలు విప్పుకుని ఉంది. ఆ పక్షి కోసమే ఈ దేశంలో సినిమావాళ్ళు ఏడాదంతా నిద్ర మానుకుంటారు. పూరాన్ కవరు చించింది. లోపల ఉన్న పేరు రోజాన్‌దే.

చప్పట్ల మధ్య రోజాన్ పైకి వచ్చింది. పక్షిని అందుకుంది, మైకు ముందుకు వంగింది. "మా తరమంతా ఈవిడ చేతి టీ చూస్తూ పెరిగాం. ఈ పక్షి నాది కాదు. ఖానుమ్, ఇది మీ స్థాయికి తగదు, అయినా మీదే, తీసుకోండి," అంటూ రెండు చేతులా ముందుకు చాపింది.

హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. తర్వాత జరగాల్సిందేమిటో అందరికీ తెలుసు. పూరాన్ గుండె మీద చెయ్యి వేసుకుని, "కాదు తల్లీ, ఇది నీ కష్టం," అనాలి. ఇద్దరూ కావలించుకోవాలి. ఫోటోలు తియ్యాలి.

పూరాన్ ముందు వరుసలో షొకూహ్‌ను చూసింది. ఇంట్లో టీవీ ముందు కూర్చున్న అక్కను తలుచుకుంది. చేతులు చాపి పక్షిని తీసేసుకుంది.

"సరే, ఇలా తే," అంది.

చప్పట్లు ఆగిపోయాయి. రోజాన్ చేతులు ఖాళీగా గాలిలో ఉండిపోయాయి. సభ నడిపించే ఆయన చేతిలో కాగితం అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. వెనక ఎక్కడో ఎవరో కిసుక్కున నవ్వారు. పూరాన్‌కు చెవులు కాలిపోతున్నాయి. ఇంత సిగ్గు ఆమె పుట్టి ఎరగదు.

"చూశావా తల్లీ, తారోఫ్‌ని నిజమనుకుంటే ఎలా ఉంటుందో," అంది మైకులో. "మొన్న మా ఇంట్లో నువ్వు నాకు చేసిందీ ఇదే. నేను వద్దన్నాను, నువ్వు చెప్పులేసుకున్నావు. పక్షి నీదే, తీసుకో. నాకా లారీ కావాలి. తేనెటీగలు కావాలి. ఆ పాత్ర నాకంటే బాగా చేసేవాళ్ళు లేరు." ఆ ఆఖరి మాటను కూడా ఆమె వెనక్కి తీసుకోలేదు.

రోజాన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పెద్దవాళ్ళను బలవంతపెట్టకూడదని మా నాన్నమ్మ నేర్పింది ఖానుమ్. మీ వీధి తలుపు బయట మంచులో నిలబడ్డాను, పైనుంచి పిలుస్తారేమోనని."

"నువ్వు తిరిగి చూస్తావేమోనని నేను తలుపు దగ్గరే ఉన్నానే పిచ్చిదానా!"

హాలు గొల్లుమంది. రోజాన్ మొహమాటంగా ముందు వరుస వైపు చూసింది. "కానీ రేపు షొకూహ్ ఖానుమ్‌ని కలుస్తానని..."

షొకూహ్ శాలువా సర్దుకుంటూ లేచింది. "నాకు ఈగంటేనే భయం, తేనెటీగలేం చేస్తాను! ఆవిడకే ఇచ్చెయ్యమ్మా," అంది.

అది నిజమో, తారోఫో ఎవరికీ తెలియదు. తేల్చుకుందామని ఆమెను రెండోసారి అడిగిన పాపాన మాత్రం ఎవరూ పోలేదు.

"అయితే ఈసారి పద్ధతి ప్రకారం అడుగుతాను," అంది రోజాన్ కళ్ళు తుడుచుకుని. "పూరాన్ ఖానుమ్, ఈ పాత్ర మీరు..."

"చేస్తాను."

ఇల్లు చేరేసరికి ఎఫ్ఫత్ టీవీ కట్టేసి తలుపు దగ్గరే కాచుకుని ఉంది. కావలించుకోలేదు, మెచ్చుకోలేదు. ఏడ్చిన గుర్తుగా ఆమె ముక్కు మాత్రం ఎర్రగా ఉంది. చెల్లెల్ని కుర్చీలో కూర్చోబెట్టి, లోపలికెళ్ళి, పళ్ళెంలో రెండు గ్లాసుల టీ, గిన్నెలో గడ్డ పంచదార పెట్టుకుని వచ్చింది.

"అయ్యో అక్కా, నువ్వెందుకు తేవడం, వద్దు..." అంది పూరాన్ అలవాటు కొద్దీ.

"వద్దా? సరే," అని ఎఫ్ఫత్ పళ్ళెంతో సహా వెనక్కి తిరిగింది.

"ఆగక్కా!" అని పూరాన్ లేచి ఒక్క అంగలో ఆమె భుజం పట్టుకుంది. "కావాలి. రెండూ నాకే కావాలి."