లైటున్న గడి

వీడియోలు కత్తిరించి అతికించే పనిలో అక్కకు తిరుగులేదు. మొహం మాడ్చుకున్న పెళ్లికొడుకుని కూడా నవ్వుతున్నట్టు చూపించగల మనిషి. ఈసారి మాత్రం ఆమె ముందున్నది పెళ్లి కాదు, తమ్ముడి బతుకు.

తమ్ముడు గోదాములో క్రేను నడుపుతాడు. ఆరడుగుల మనిషే, ఇంట్లో అందరికీ బుడ్డోడు. క్రేను కింద మనిషి ఉంటే ఎర్ర లైటు, లేకపోతే పచ్చది. క్రేను కిందికి వెళ్లేవాడే మీట నొక్కి ఎర్రది వెలిగించాలి. మొన్న బుడ్డోడు దించిన పెట్టె కింద ఒక కూలీ కాలు నుజ్జయింది. మీట నొక్కే వెళ్లానని కూలీ, పచ్చ లైటు చూశాకే దించానని బుడ్డోడు. కెమెరా వీడియోలో లైటు ఎర్రగా వెలుగుతోంది. మధ్యాహ్నమే విచారణ. తప్పని తేలితే ఉద్యోగం ఊడటమే కాదు, కేసు కూడా పెడతారు.

"నేను పచ్చ చూశానక్కా," అన్నాడు బుడ్డోడు. అక్క నమ్మింది. తమ్ముణ్ణి నమ్మక ఏం చేస్తుంది?

ఆమె దగ్గరున్న సాఫ్ట్‌వేర్ బొమ్మను చూపిస్తుందే తప్ప ఆ బొమ్మ ఎలా తయారైందో చెప్పదు. వెతగ్గా వెతగ్గా నెట్‌లో ఒకటి ఊరికే దొరికింది. ఊరికే వచ్చేదంటే ఆమెకు మొదట్నుంచీ అనుమానమే, కానీ అవసరం అలాంటిది. అది వీడియోను గళ్లుగళ్లుగా విడదీసి, ఏ గడిలో కొత్త సమాచారం ఉందో, ఏది పాత బొమ్మలోంచి తెచ్చి అతికించిందో రంగులేసి చూపిస్తుంది. ఫైలు చిన్నదిగా ఉండాలని కెమెరా ఎప్పుడో ఒకసారి గాని పూర్తి బొమ్మ దాచదు, మధ్యలో మార్పులే దాస్తుంది. మరీ చిన్న మార్పులైతే చూసీ చూడనట్టు వదిలేస్తుంది. పెట్టె దిగుతున్నంతసేపూ లైటున్న గడి పాతదే, ఆ ఎరుపు అంతకుముందటి బొమ్మలోది. తర్వాతి పూర్తి బొమ్మ ప్రమాదం జరిగాక వచ్చింది. అందులో లైటు పచ్చగా ఉంది.

విచారణ గదిలో గోడవారగా కూలీ భార్య కూర్చుని ఉంది. అటు చూడకుండా అక్క గళ్లన్నీ తెర మీద చూపించింది. మేనేజరు కళ్లజోడు సవరించుకుని మళ్లీ మళ్లీ వేయించుకుని చూశాడు.

"అంటే అప్పుడు పచ్చగా ఉందంటారా?"

"ఉందో లేదో ఈ వీడియో చెప్పలేదు సార్. ఆ కాసేపూ ముందున్న బొమ్మనే మళ్లీ చూపించింది."

మేనేజరు వీడియోను పక్కన పెట్టేశాడు. ఇక మిగిలినవి ఇద్దరి మాటలే. ఇన్నేళ్లుగా ఒక్క మచ్చ లేని డ్రైవరు మాటే నమ్ముతానన్నాడు. కూలీ మీట నొక్కకుండా వెళ్లాడనే రాస్తానన్నాడు. కూలీ భార్య సంచీ తీసుకుని బయటికి వెళ్లిపోయింది.

వరండాలోకి రాగానే అక్క బల్ల మీద కూర్చుంది. బుడ్డోడు పక్కన కూర్చున్నాడు. అతని మొహంలో సంతోషం లేదు.

"ఇంతకీ నిజంగా ఏ రంగులో ఉందక్కా?"

అక్కకు ముందు అర్థం కాలేదు. "నువ్వే కదరా పచ్చ చూశానన్నావు."

"చూసే ఉంటాను. ఆ వేళకి రోజూ పచ్చే ఉంటుంది కదా." చేతులకేసి చూసుకున్నాడు. "తల తిప్పి చూసినట్టు మాత్రం గుర్తులేదు."

 అక్కకు చాచి కొట్టాలనిపించింది, దగ్గరికి తీసుకోవాలనీ అనిపించింది. వరండా చివర కూలీ భార్య లిఫ్టు కోసం నిలబడి ఉంది.

"ఉండమ్మా, వెళ్లకు," అని ఆమెను కేకేసి, అక్క తమ్ముడి చెయ్యి పట్టుకుని లేచింది. బుడ్డోడు చెయ్యి విడిపించుకోలేదు. అక్క మేనేజరు గది తలుపు తట్టింది.