మాడిన పుచ్చపాదులు

ఇంటి వెనక నాలుగు పుచ్చపాదులు వేసింది అక్క. ఆవిడ దర్జీ. గుడ్డ కత్తిరించేటప్పుడు ఎంత కచ్చితమో పాదుల దగ్గరా అంతే. పొద్దున్నే ఆకు తడవకుండా మొదట్లో నీళ్లు పోసేది. పదిహేను రోజులకోసారి మొదలుకు జానెడు దూరంలో గాడి తీసి, పాదుకు చెంచాడు యూరియా చల్లి, మట్టి కప్పి, బాగా తడిపేది. పిందెలు పిడికిలంత అయ్యాయి.

పక్క వాటాలో ఉండే చెల్లెలు లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. అక్క పనిమీద మూడు రోజులు పొరుగూరు వెళ్తూ, ఎరువు ఎంత వేయాలో, నీళ్లు ఎలా పెట్టాలో రెండుసార్లు చెప్పి వెళ్లింది. చెల్లెలికి తీరిక లేదు. ఒక్కసారికే తెమిలిపోతుందని పొట్లమంతా మొదళ్లలో గుమ్మరించి, చెంబెడు నీళ్లు చిలకరించి పనికి పోయింది.

అక్క తిరిగొచ్చేసరికి తీగలు మంట తగిలినట్టు మాడి ఉన్నాయి. పిందెలు వడిలిపోయాయి. చెల్లెలిని పిలిచి ఎంత వేశావని అడిగింది.

"ఉన్నదంతా వేశా. బాగా కాస్తాయనే కదా."

"చెంచాడని చెప్పానా లేదా?"

"పోతే పోయాయిలే అక్కా. పిల్లల్లేని దానివి, కడుపున పుట్టినవి పోయినట్టు ఏడుస్తావేంటి?"

అక్క చేతిలోని పారను తిరగేసి, పిడితో చెల్లెలి భుజం మీద కొట్టింది. రెండో దెబ్బ చెవి మీద పడింది. చెల్లెలు తూలి నిలదొక్కుకుంది. ఎదురు తిరిగి అక్క జుట్టు దొరకబుచ్చుకుని, ఈడ్చుకెళ్లి ముఖాన్ని కుళాయి గట్టుకేసి బాదింది. పెదవి చిట్లి నెత్తురు బురదలో కారింది. అక్క నేలకు చెయ్యి ఆనించి లేవబోయింది. చెల్లెలు పార అందుకుని ఆ కుడిచేతి మీద వేసింది. ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది. అయినా ఇంకో దెబ్బ వేసింది.

చెల్లెలి మొగుడు పరిగెత్తుకొచ్చి పెళ్లాన్ని వెనక్కి లాగాడు. ఆమె అతని మణికట్టు కొరికింది.

ఆసుపత్రిలో, కుళాయి దగ్గర జారిపడ్డానని చెప్పింది అక్క. చెవి వాచిన చెల్లెలూ అదే చెప్పింది. డాక్టరు ఇద్దరి ముఖాలూ చూసి, అక్క చేతికి కట్టు కట్టాడు.

కట్టు విప్పాక కూడా అక్క కుడిచేతి వేళ్లు రెండు ముడుచుకోలేదు. కత్తెర పట్టు తప్పేది. కుట్టుపని పోయింది.

ఒకరోజు ఎడంచేత్తో ఎండుతీగలు పీకుతుంటే చెల్లెలు వచ్చి, అటు చివర కూర్చుని తానూ పీకసాగింది.

"వెళ్లిపో," అంది అక్క నెమ్మదిగా. "నిన్ను చంపాలని ఇంకా ఉంది నాకు."

చెల్లెలు చేతులు దులుపుకుని లేచి వెళ్లిపోయింది. మిగతా మూడు పాదులూ పీకడానికి అక్కకు సాయంత్రందాకా పట్టింది.