రేకుల షెడ్డులో పాట

కొత్తవాడలో ఇప్పుడు పిల్లల పాటల నాటకాలు ఆడే హాలు ఒకప్పుడు మరమగ్గాల షెడ్డు. మగ్గాలు అమ్మేశాక చాలాకాలం తాళం పడి ఉంది. దాన్ని నాటకాలకు అడిగింది పద్మలత. సుబేదారి బడిలో సంగీతం చెప్పి రిటైరైన మనిషి.

షెడ్డు యజమాని మొండయ్య ఒప్పుకోలేదు. "పోరగాండ్లు ఎగురుతాంటే ఈ గోడలు ఆగుతయా టీచరమ్మా?" అన్నాడు.

"ఒక్కసారి వాళ్ల పాట వినుండ్రి అన్నా. తర్వాత మీ ఇష్టం."

పిల్లలు అప్పుడు ఆమె డాబా మీద ప్రాక్టీసు చేసేవారు. నేతవాళ్ల పిల్లలు, కాజీపేట రైల్వే క్వార్టర్ల పిల్లలు కలిసి, ఊరంతా చెరువు తవ్వుకునే కథను పాడుతూ ఆడుతున్నారు. మొండయ్య చివరిదాకా నిలబడే విన్నాడు. మర్నాడు తాళంచెవి తెచ్చిచ్చాడు.

మొదటి ప్రదర్శన రోజు కుండపోతగా వాన. రేకుల మీద ఆ మోతకు ఒక్క మాట వినపడలేదు. ముఖ్య వేషం కట్టిన రాజశ్రీ గొంతు పోయేదాకా పాడింది. జనం ఒక్కొక్కరే లేచిపోయారు. పద్మలత నాటకం ఆపించింది.

"మా పాట ఎవ్వలకు ఇనవడలే టీచర్," అని రాజశ్రీ ఏడ్చింది. పద్మలత ఆ పిల్లను దగ్గరికి తీసుకుంది.

స్లాబు వేయించడం వాళ్లవల్ల అయ్యేది కాదు. రెండు రోజులు ఆలోచించి ఆమె మొండయ్య ఇంటికి వెళ్లింది.

"అన్నా, పాటలు రికార్డు చేసే గదుల్ల గోడలకు మెత్తటివి అతికిస్తరు. మనం రేకుల కింద మీ వాడల నేసే జంపఖానాలు కడితే?"

మొండయ్య లేచి చెప్పులు తొడుక్కున్నాడు. "అమ్ముడువోనియి ఇంటింటికి మూలకు వడి ఉన్నయి. నేనడుగుత. నువ్వు ఫికర్ జెయ్యకు."

ఆ వారమంతా వాడలోని ఆడవాళ్లు జంపఖానాలు ఒకదానికొకటి కలిపి కుట్టారు. మగవాళ్లు నిచ్చెనలెక్కి రెండు పొరలుగా బిగించి కట్టారు. షెడ్డు కప్పంతా ఎరుపు, నీలం, పసుపు చారలతో నిండిపోయింది.

తర్వాతి ప్రదర్శనకూ వాన పడింది. ఈసారి అది ఎక్కడో పక్క ఊళ్లో కురుస్తున్నట్టుంది. రాజశ్రీ అరవలేదు, మామూలుగానే పాడింది. వెనక వరసలో కూర్చున్న ముసలమ్మలు కూడా ఆమెతో పాటు పల్లవి అందుకున్నారు. మొండయ్య మొదట కప్పు వంకే చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి కింద కూర్చుని, పాటకు తల ఊపసాగాడు.

ఆ హాలుకు తరువాత వేదిక వచ్చింది, లైట్లు వచ్చాయి. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి కూడా పిల్లలు ఆదివారాలు రైలెక్కి వస్తున్నారు. వాళ్లకు ఇప్పుడు పాట నేర్పుతున్నది, పెద్దదైన రాజశ్రీ. పద్మలత పక్కన హార్మోనియం వాయిస్తుంది; పిల్లలు తప్పు పాడినా మధ్యలో ఆపదు, పాట అయ్యాక మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటుంది.