గాజు సీసాలో బురద

పొద్దున్నే ల్యాబు తలుపు తీయగానే బురద పిల్ల చేసే మొదటి పని, ఏడుస్తున్న సీసాలకి జోకొట్టడం. ఏటి అడుగు బురద తవ్వి తెచ్చే ఉద్యోగంలో చేరాక ఆ పిల్ల అసలు పేరు అందరూ మర్చిపోయారు. రంగుల ఫ్యాక్టరీ కాలవ ఏట్లో కలిసే చోట తీసిన బురద పసిబిడ్డలా ఏడుస్తుంది. ఎగువన తీసింది ఏడవదు.

"రెండో అరలోది గుక్కపట్టింది, చూడమ్మా," అంది పెద్ద మేడమ్, తలెత్తకుండానే. ఆవిడ కోస్తున్న మగచేప కడుపులో మళ్లీ గుడ్లున్నాయి.

ఒంట్లో హార్మోన్లని తారుమారు చేసే రసాయనాలు బురదలో పేరుకుంటాయనీ, ఆ బురదని గాజు సీసాలోనే పట్టాలనీ, ప్లాస్టిక్ అయితే దానిలోంచే అలాంటి రసాయనాలు బురదలోకి దిగి లెక్క చెడగొడతాయనీ చేరిన రోజే చెప్పిందావిడ. నిరుడు ఏటి దగ్గర గాజు సీసాలు అయిపోయాయి. మళ్లీ ఎవరు నడుస్తారులే అని ఈ పిల్ల మంచినీళ్ల బాటిల్లో నింపుకొచ్చింది. రిపోర్టు చెల్లదన్నారు. దాంతో ఒడ్డున ఉన్న బావి మూయలేదు. ఆ బావి నీళ్లే తాగే అక్కకి ఆరో నెలలో కడుపు పోయింది. అది మూడోసారి.

ఇప్పుడు అక్కకి మళ్లీ మూడో నెల. కొత్త రిపోర్టు రావడానికి ఇంకో నాలుగు నెలలు పడుతుంది.

ఆదివారం మధ్యాహ్నం సంచిలో సీసా పెట్టుకుని అక్క ఇంటికెళ్లింది.

"ఏం మరదలా, సెలవు రోజు కూడా బురదేనా? మా గుమ్మం ముందు లేదనుకున్నావా?" అన్నాడు బావ.

సంచిలో ఏడుపు మొదలైంది. అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఇటివ్వు. అలాగానే ఎత్తుకునేది?" అని సీసాని భుజాన వేసుకుంది. అది టక్కున ఊరుకుంది.

"అక్కా, కానుపయ్యేదాకా ఎగువన పిన్ని ఇంట్లో ఉండు."

"రిపోర్టు రానీ అన్నాను కదే. ఊరంతా తాగుతున్న నీళ్లే."

"నిరుడే వచ్చుండేది. నేనే... ప్లాస్టిక్ బాటిల్లో తెచ్చాను, బద్ధకించి. నీకు చెప్పడానికి నోరు రాలేదు."

బావ కుర్చీలోంచి లేచాడు. అక్క సీసా వీపు నిమురుతూనే ఉంది.

"అప్పటికే కడుపులో తన్నేవాడు," అంది. తర్వాత మొగుడి వైపు తిరిగి, "పిన్ని వాళ్ల ఊరి బస్సు ఎన్నింటికి?" అంది.

చెల్లెలితో మళ్లీ మాట్లాడలేదు. బస్సెక్కేటప్పుడు మాత్రం సీసాని భుజం మీంచి దించి, ఆ పిల్ల చేతుల్లో పెట్టింది.

"నువ్వే ఊరుకోబెట్టుకో."

బస్సు మలుపు తిరిగిందో లేదో సీసా ఏడుపందుకుంది. ఆ పిల్ల అక్కలాగే భుజాన వేసుకుంది, నిమిరింది, అటూ ఇటూ నడిచింది. ఊరుకోలేదు. బస్టాపు బెంచీ మీద ఒకావిడ జరిగి చోటిచ్చింది.

"ఆకలేమో చూడమ్మా," అంది.