ఏడో బల్ల మీది ముడులు

పెద్దాయన ఎన్నికల్లో ఓడిపోయి తొమ్మిది రోజులైంది. "నేను ఓడలేదు, ఓడినట్టు రాసుకున్నారు" అంటూ ఆయన అధికార భవనం ఖాళీ చెయ్యకుండా కూర్చున్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని నవ్వినవాళ్ళు సగం మంది. నిజంగానే మద్దెలకు చిల్లుందేమో చూద్దామన్నవాళ్ళు సగం మంది. నవ్వినవాళ్ళు కూడా రెండు నెలలకు సరిపడా అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు కొని దాచుకున్నారు. బళ్ళు మూశారు. కొట్లన్నీ సగం షట్టరు దించుకుని, ఏ క్షణాన ఏం వినబడుతుందోనని చెవులు బయట పెట్టి వ్యాపారం చేస్తున్నాయి. వీధి మలుపులో సైనికుల లారీ ఒకటి ఆగి ఉంది. అందులో ఒకడు తన సీసా మూతలో నీళ్ళు పోసి వీధికుక్క చేత తాగించడం ఆ వీధిలో పుస్తకాలు కుట్టి అట్టలు వేసే బైండరు పొద్దున చూశాడు. ఆ తొమ్మిది రోజుల్లో అతని మనసు కాస్త కుదుటపడింది ఆ ఒక్క నిమిషమే.

ఇప్పుడు మధ్యాహ్నం. కొట్లో బిగింపు చెక్కల మధ్య పుస్తకం బిగించి, వెన్నుకు జిగురు పూస్తూ టీవీ వైపు చూశాడు. తెర మూలన చిన్న చతురస్రంలో పెద్దాయన వేలు ఆడిస్తున్నాడు. మిగతా తెరంతా లెక్కింపు హాలు. ఓట్ల కట్టలు భద్రంగా ఉన్నాయని జనానికి నమ్మకం కలిగించడానికి ఎన్నికల పై అధికారిణి, లెక్కించినవాళ్ళను బల్లల దగ్గరే ఉంచి, రోజూ వాటిని కెమెరాకు చూపిస్తోంది. యాభై ఓట్లు ఒక కట్ట. కట్టకో చీటీ, చీటీకి రెండు సంతకాలు. ఇవాళ కెమెరా ఒక్కో బల్లనూ దాటుకుంటూ మొదటిసారిగా ఏడో బల్లకు బాగా దగ్గరగా వచ్చింది. బైండరు చేతిలో కుంచె ఆగిపోయింది.

ఏడో బల్ల అతని భార్యది. ఆమె లెక్కల టీచరు. లెక్కింపు పనికి వేసినప్పుడు, "రబ్బరు బ్యాండ్లు ఎండకి పుటుక్కుమంటాయటండీ, పురికొస ఇస్తారట. నాకేమో ముడి వేస్తే జారిపోతుంది" అంది. అప్పుడతను ఆమె పక్కన కూర్చుని, ఆమె వేళ్ళ మీద తన వేళ్ళు వేసి, బైండర్ల ముడి నేర్పాడు. రెండు చుట్లు, కొస కిందినుంచి పైకి, ఒక్క గుంజు. తోక కుడివైపుకు వస్తుంది. ఎంత లాగినా జారదు. తోక పట్టుకుని విప్పితే మాత్రం పువ్వులా విచ్చుకుంటుంది. ఆ సాయంత్రం ఆమె ఇంట్లో కనబడ్డ దానికల్లా ముడి వేసింది, అతని చొక్కా చేతులతో సహా. పన్నెండేళ్ళ కాపురంలో వాళ్ళు అంతగా నవ్విన సాయంత్రాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఏడో బల్ల మీద ముడులన్నీ ఆ ముడులే. కానీ సగం కట్టలకు తోక కుడివైపుంది. సగం కట్టలకు ఎడమవైపుంది.

ఆ బల్ల దగ్గర ఆమెతో కూర్చునేది డ్రాయింగు మాస్టారు. భార్య పోయి మూడేళ్ళయిన మనిషి. సన్నగా, మాట తక్కువగా, ఇస్త్రీ చొక్కాతో ఉంటాడు. హాలు బయట గుంపులు పెరిగినప్పటినుంచీ రోజూ సాయంత్రం ఆమెను వీధి మలుపు దాకా దిగబెట్టి, సంచీ చేతికిచ్చి, తల వంచి వెళ్ళిపోతాడు. మొదటిరోజు "నేనొస్తాలే" అని బైండరే అనాల్సింది. పరీక్ష పుస్తకాలు అర్జంటని ఊరుకున్నాడు. రెండోరోజు అన్నాడు. "ఎందుకండీ, మాస్టారున్నారుగా" అంది ఆమె. ఆ 'ఉన్నారుగా' అప్పటినుంచి అతని కడుపులో కుంపటిలా రాజుకుంటోంది.

ఇప్పుడిది. తనింట్లో ముడి ఆ మనిషి చేతికి ఎలా వెళ్ళింది? ఎలా వెళ్తుంది, తను నేర్పినట్టే నేర్పి ఉంటుంది. పక్కన కూర్చుని. వేళ్ళ మీద వేళ్ళు వేసి. జిగురు పుస్తకం వెన్ను మీదనుంచి కారి అట్ట మీద మరకైంది. అతను గమనించనేలేదు.

సరిగ్గా అప్పుడే షట్టరు కింద నుంచి వంగి 'రేడియో' లోపలికి వచ్చాడు. ఒక వకీలు దగ్గర గుమాస్తా. ఇటు విన్నది అటు వినిపించకపోతే అన్నం అరగదు కనుక ఆ పేరొచ్చింది. ఆ వకీలు ఇప్పుడు పెద్దాయన తరఫున వాదిస్తున్నాడు.

"ఏం గురువుగారూ, మా రిజిస్టర్లు అయ్యాయా? మీ ఆవిడ టీవీలో కనబడుతుంటే పనేం సాగుతుందిలే!" అని నవ్వాడు. తెరవైపు చూసి, "అదేగా టీచరు గారి బల్ల? భలే కట్టారండీ, మీ పనితనమే" అన్నాడు.

"అన్నీ ఆవిడ కట్టినవి కావు" అన్నాడు బైండరు.

"అంటే?"

"ఆ ఎడమ తోకలు చూశావా? అది మా ఆవిడ ముడి కాదు. వేరే చెయ్యి పడింది."

అన్నది భార్య మీద కోపంతో. విన్నది వకీలు గుమాస్తా. రేడియో ముఖంలో నవ్వు మెల్లగా సర్దుకుంది. "వేరే చెయ్యి" అని ఒకసారి తనలో తను అనుకుని, రిజిస్టర్లు అడగకుండానే షట్టరు కింద నుంచి వంగి వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం పెద్దాయన తెరంతా నిండాడు. "కట్టలు విప్పారు! ఓట్లు మార్చారు! మళ్ళీ కట్టారు! ఈ మాట నేను కాదు, నలభై ఏళ్ళుగా ముడులు వేస్తున్న ఒక బైండరు చెప్పాడు. స్వయానా ఆ బల్ల టీచరు భర్త!"

బైండరు వయసే నలభై నాలుగు. నలభై ఏళ్ళుగా ముడులంటే పాలు మరిచిన దగ్గర్నుంచీ వేస్తూ ఉండాలి. ఆ సంగతి ఎవరికి పట్టింది? గంటలో లెక్కింపు హాలు చుట్టూ జనం రెట్టింపయ్యారు. ఎక్కడో అద్దాలు పగిలాయి. పక్కకొట్టు దర్జీ తొంగిచూసి, "నువ్వేనటగా? ఇంత గుండెధైర్యం ఉందనుకోలేదు బావా!" అన్నాడు. మెచ్చుకోలో తిట్టో తెలియలేదు. అయినా ఒక్క క్షణం, డ్రాయింగు మాస్టారి ఇస్త్రీ చొక్కా అందరి ముందూ చెమటతో తడిసి ఉంటుందని తోచినప్పుడు, బైండరుకు హాయిగానే ఉంది. మరుక్షణం లేచి టీవీ కట్టేశాడు.

సాయంత్రం ఆమె ఒక్కతే వచ్చింది. చెప్పులు విప్పలేదు. సంచీ దించలేదు.

"మీరన్నారా?"

"ఏదో మాటల్లో..."

"అన్నారా, లేదా?"

"అన్నాను."

ఆమె కుర్చీలో కూలబడింది. "మాస్టారిని పొద్దుటినుంచీ విడిగా కూర్చోబెట్టారు. ఆ ఎడమ తోక ముళ్ళు తనే వేశానని ఆయన మొత్తుకుంటున్నాడు. వేసి చూపించాడు కూడా. రాత్రికి రాత్రి నేర్చుకుని ఉండొచ్చు అంటాడు ఆ వకీలు. రేపు విచారణ. అక్కడ తప్పని తేలితే ఆయన ఉద్యోగం పోతుంది."

"ఆయన కోసం నీకింత బాధేమిటి?" అనేశాడు. పుండు మీద కారం తనే చల్లుకుంటున్నట్టు తెలుస్తూనే ఉంది, నోరు ఆగలేదు.

ఆమె అతని వైపు చూసింది. కోపం ఉంటే తట్టుకునేవాడు. ఆ చూపులో లెక్క తప్పిన పిల్లవాడిని చూసే ఓపిక ఉంది.

"చీటీ మీద రెండు సంతకాలుంటాయండీ. ఒకటి ఆయనది. రెండోది ఎవరిదనుకున్నారు?"

రెండోది ఆమెదే. ఈ సంగతి అతనికి తెలియనిది కాదు. గుర్తు రాలేదంతే.

"ఆయన పోతే నేనూ పోతాను. అది కూడా పెద్ద విషయం కాదు. బయట జనం చేతుల్లో రాళ్ళున్నాయి. మీ మాట పట్టుకునే వచ్చాయవి."

"ఆయనకి ముడి ఎవరు నేర్పారు?" చివరికి అడిగాడు. ఇంత జరిగినా అతని లోపల ఉన్న ప్రశ్న అదొక్కటే.

"నేనే."

"ఎలా?"

"ఎలా ఏమిటి? ఆయన బల్లకి అటు, నేను ఇటు. నేను వేస్తుంటే చూసి వేశాడు. తోక అటు తిరిగిందేమిటని ఇద్దరం నవ్వుకున్నాం కూడా. బిగిస్తే చాల్లే అన్నాను."

బైండరు లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చున్నాడు. పాతికేళ్ళ కిందట అతనికి పని నేర్పిన ముసలి బైండరు మొదటిరోజే నెత్తిన ఒక్కటి మొట్టి అన్న మాట గుర్తొచ్చింది. "ఎదురుగా కూర్చోకురా. ఎదురుగా కూర్చుని నేర్చుకుంటే అద్దంలో బొమ్మ నేర్చుకున్నట్టే, ముడి తిరగబడుతుంది. పక్కన కూర్చో!" ఈ పనిలో ఉన్నవాడెవడైనా ఆ ఎడమ తోక చూడగానే చెప్పేస్తాడు: నేర్చుకున్నవాడు బల్లకు అవతల ఉన్నాడని, నేర్పినవాళ్ళు వాడి చెయ్యి ముట్టుకోలేదని. రోజుకు నూరు ముళ్ళు వేసే తనకు మాత్రం అది కనబడలేదు.

"రేపు నేనొస్తాను" అన్నాడు.

"రండి. అన్న నోరే వెనక్కి తీసుకోవాలి. మీ మాటకి ఎదురుగా నా మాట పనికిరాదట, నేనూ ఆ బల్ల మనిషినే కదా." అప్పుడు విప్పింది చెప్పులు.

మర్నాడు పొద్దున హాలు దగ్గర జనాన్ని తోసుకుని లోపలికి వెళ్ళేసరికి అతని చొక్కా బొత్తాలు రెండు పోయాయి. పై అధికారిణి, వకీలు, వెనక రేడియో. గోడవారగా స్టూలు మీద డ్రాయింగు మాస్టారు ఉన్నాడు. చొక్కా నిన్నటిదే, నలిగిపోయింది. అతని పక్కన ఎవరో ఒక గ్లాసు నీళ్ళు పెట్టి, ఈగలు వాలకుండా దాని మీద కాగితం ముక్క కప్పి ఉంచారు. ఆ కాగితం ముక్క చూసి బైండరుకు తల ఎత్తాలనిపించలేదు.

అతను జేబులోంచి పురికొస తీసి, వకీలును బల్లకు అవతల కూర్చోమన్నాడు.

"నేనా?" అన్నాడు వకీలు.

"మీరైతేనే నమ్ముతారు. నేను వేస్తాను, చూసి వెయ్యండి."

రెండు చుట్లు. కిందినుంచి పైకి. వకీలు నాలుక కాస్త బయటపెట్టి, పిల్లవాడిలా శ్రద్ధగా చూసి చూసి ముడి వేశాడు. మూడుసార్లు జారింది. నాలుగోసారి బిగిసింది. తోక ఎడమకు తిరిగింది. అధికారిణి కుర్చీ జరుపుకుని తనూ ఎదురుగా కూర్చుని వేసింది. ఎడమకే. తర్వాత లేచి వచ్చి బైండరు పక్కన కూర్చుని వేసింది. కుడికి.

"అంతేనండీ. ఎదురుగా చూసి నేర్చుకుంటే ఇలాగే వస్తుంది" అన్నాడు బైండరు. "కట్టలు ఎవరూ విప్పలేదు. వేరే చెయ్యంటే మాస్టారి చెయ్యే."

అధికారిణి కలం ఆపింది. "ఇంత తెలిసినవారు ఆ మాట ఎందుకన్నారు మరి? రాసుకోవాలి."

 జాగ్రత్తగా చూడలేదనొచ్చు. రేడియో తప్పు విన్నాడనొచ్చు. రేడియో కూడా తప్పు చేసినవాడిలా అతని వైపే చూస్తున్నాడు, ఆ మాట తన మీదికి నెట్టినా ఫర్వాలేదన్నట్టు. ఏడో బల్ల దగ్గర భార్య తల వంచుకుని ఉంది.

"ఈర్ష్యతో అన్నాను" అన్నాడు. "ఆ ముడి మా ఇంట్లోది. వేరే మనిషి చేతిలో చూసేసరికి ఓర్వలేకపోయాను. మాస్టారి మీద ఈర్ష్య. రాసుకోండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. అధికారిణి నవ్వలేదు. ఒక్కొక్క అక్షరమే రాసుకుని సంతకానికి కాగితం తిప్పింది. బయట మైకులో ఆ సంగతి చదివారు. ఈర్ష్య అన్న మాట దగ్గర జనంలో పెద్ద నవ్వు లేచింది. నవ్వినవాళ్ళలో కొందరి చేతుల్లోంచి రాళ్ళు కింద పడ్డాయి. నవ్వుతూ రాయి పట్టుకుని నిలబడడం కష్టం కాబోలు. అందరూ వెళ్ళిపోలేదు. సాయంత్రానికల్లా పెద్దాయన ముడుల మాట వదిలేసి చీటీల మీది సిరా రంగు మాట ఎత్తుకున్నాడు.

సాయంత్రం ముగ్గురూ కలిసే బయటపడ్డారు. మలుపు దగ్గర ఆగారు. "నన్ను క్షమించండి" అనబోతూ బైండరు గొంతు సవరించుకుంటుంటే మాస్టారే ముందన్నాడు. "మా ఆవిడ ఉన్న రోజుల్లో పాలబ్బాయి ఆవిడని నవ్వించాడని పాలు మాన్పించేశానండీ. ఏడాదిపాటు డబ్బాపాలే." తర్వాత సంచీ బైండరు చేతికిస్తూ, "కుడి పట్టీ తెగేలా ఉంది. అడుగున చెయ్యి వేసి పట్టుకోవాలి" అని తల వంచి వెళ్ళిపోయాడు.

బైండరు చూశాడు. పట్టీ నిజంగానే నూలుపోగు మీద వేలాడుతోంది. ఊళ్ళో చిరిగినవన్నీ కుట్టే తనకు ఇది తెలియదు. ఆ మనిషికి తెలుసు. ఇన్నాళ్ళూ అడుగున చెయ్యి వేసి మోశాడు. కడుపులో కుంపటి మళ్ళీ ఒకసారి ఎర్రగా రాజుకుంది.

"చెప్పొచ్చుగా నాకు" అన్నాడు.

"నెల్లాళ్ళుగా ఈ సంచీని మీ కళ్ళముందే మేకుకి తగిలిస్తున్నాను" అంది ఆమె. నవ్వలేదు. కానీ నడక కాస్త నెమ్మది చేసింది, అతను అందుకునేలా.

ఇంటికెళ్ళాక అతను మైనం దారం, లావు సూది తెచ్చుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఆమె కుర్చీ లాక్కుని ఎదురుగా వెయ్యబోయి, ఆగి, పక్కన వేసుకుంది.

"పట్టీ నేను పట్టుకుంటాను" అంది. "మీరు కుట్టండి."