పదకొండో నంబరు రూటు

శనివారం పొద్దున తొమ్మిదింటికి ఉద్యోగ మేళా అని ఊరంతా కాగితాలు అంటించాం. నేను ఆరింటికే బడి ఆవరణలో ఉన్నాను. ఏప్రిల్ వచ్చినా పార్కింగ్ అంచుల్లో నల్లబడ్డ మంచు కుప్పలు ఇంకా కరగలేదు. బస్సు తిరగడానికి నారింజ రంగు కోన్లు వరసగా పెట్టాను, నచ్చక తీసేశాను, మళ్ళీ అక్కడే పెట్టాను. కాళ్ళు ఒక చోట నిలిస్తే కదా.

నా పేరు లార్నా. టామరాక్ ఫాల్స్ అనే ఈ ఊరి బడుల బస్సులన్నీ నా అజమాయిషీలో నడుస్తాయి. ఇరవై రెండేళ్ళు స్టీరింగు తిప్పాక ఆఫీసు కుర్చీ ఇచ్చారు. అందులో కూర్చున్నప్పటి నుంచి సుఖం లేదు. క్రిస్మస్ తర్వాత ముగ్గురు డ్రైవర్లు మానేశారు. మెకానిక్కూ నేనూ చెరో పూటా బస్సెక్కి ఎలాగో నెట్టుకొస్తున్నాం. సోమవారం సాయంత్రం బడుల బోర్డు సమావేశంలోగా ముగ్గురు కొత్త డ్రైవర్ల సంతకాలు చూపించకపోతే పదకొండో నంబరు రూటు ఎత్తేస్తారు. చెరువు అవతలి మట్టిరోడ్డు అది. పంతొమ్మిది మంది పిల్లలు. వాళ్ళ ఇళ్ళలో పెద్దవాళ్ళు చాలామంది తెల్లవారకముందే కలప మిల్లుకి పోతారు. బస్సు లేకపోతే ఆ పిల్లలు ఎలా వస్తారని అడిగితే, బోర్డు అధ్యక్షుడు కాఫీ కప్పు వైపు చూశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మేళా ఆలోచన నాదే. పెద్ద బస్సు అంటే జనానికి భయం. ఖాళీ బస్సు ఇచ్చి, పక్కన నేను నిలబడి, కోన్ల మధ్య ఒక చుట్టు తిప్పిస్తే ఆ భయం పోతుంది. లోపల జిమ్ములో మూడు బల్లలు వేశాం. వంటగదికి ఒకటి, తరగతుల్లో సాయం చేసేవాళ్ళకి ఒకటి, బస్సులకి ఒకటి. వంటవాళ్ళు పళ్ళేల నిండా చాక్లెట్ కేకు బిళ్ళలుగా కోసి పెట్టారు.

పది దాటేసరికి బస్సు దగ్గర వరస కట్టారు. నవ్వుతూ ఎక్కారు, హారన్ కొట్టారు, ఫోటోలు తీసుకున్నారు, దిగేటప్పుడు పుస్తకంలో పేరు రాశారు. పిల్లల్లా సంబరపడ్డారు తప్ప సంతకం మాట ఎత్తితే ఒక్కడూ దొరకలేదు.

మా సూపరింటెండెంటు ప్రూట్ పోయిన జులైలోనే అరిజోనా నుంచి వచ్చాడు. పుస్తకం పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ముప్పై ఒక్కరు, లార్నా. అందరూ బాగుంది, ఆలోచిస్తాం అన్నారు. మన పని అయిపోయినట్టే."

"అయిపోయింది మన పనే లెండి. ఇక్కడ ఎవరూ మొహం మీద కాదనరు. అది మర్యాద. బాగుంది ఆలోచిస్తాం అన్నారంటే ఇంటికెళ్ళి టీవీ చూస్తారని."

"మరి రామని ఎలా చెప్తారు?"

"చెప్పరు. అదే మా ఊరి గొప్ప."

పాపం, ఆయన పుస్తకం మూసి మళ్ళీ తెరిచి చూసుకున్నాడు.

పదకొండున్నరకి ఇద్దరు నిజంగా సంతకం పెట్టారు. ఒకరు వెర్లిన్, ముప్పై ఏళ్ళు ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. "ఇంట్లో ఉంటే మా ఆవిడ నాచేత అలమరాలు సర్దిస్తోంది, నన్ను కాపాడు" అన్నాడు. రెండో ఆమె డెసరే. చంటిదాన్ని డ్రైవరు వెనక సీట్లో పెట్టుకోనిస్తే వస్తానంది. పెట్టుకోమన్నాను. ఇంకొక్కరు కావాలి. ఒంటిగంటకి మేళా ముగుస్తుంది. నేను గడియారం చూడటం, గుమ్మం చూడటం, కాఫీ పోసుకుని తాగకుండా పారబోయడం, ఇదే పని.

అప్పుడు మార్లిస్ కనిపించింది. బల్ల దగ్గరికి రాలేదు. అందరిలాగే బస్సు వరసలో చివర నిలబడింది. నేను బయటికెళ్ళి బస్సు దగ్గర నిలబడ్డాను.

మార్లిస్ ఈ బడులకి పదిహేడేళ్ళు బస్సు నడిపింది. నాలుగేళ్ళ కిందట జనవరిలో నేనే ఆమెని ఉద్యోగంలోంచి తీసేశాను. ప్రతి ట్రిప్పు తర్వాత డ్రైవరు లేచి చివరి సీటుదాకా నడవాలి, సీట్ల కింద కూడా చూడాలి, వెనక అద్దానికి 'బస్సు ఖాళీ' అని బోర్డు తగిలించాలి. ఆ రోజు ఆమె నడవలేదు. చివరి సీట్లో ఐదేళ్ళ పిల్ల నిద్రపోతోంది. గడ్డకట్టే చలిలో ఇరవై ఐదు నిమిషాలు. మెకానిక్ చూసి ఎత్తుకొచ్చాడు. పిల్లకి ఏమీ కాలేదు. కానీ అయ్యుండేది.

ఆమెని తీసేసే ఉత్తరం నేను రాశాను. డ్రైవరు నిర్లక్ష్యం అని రాశాను. అబద్ధం కాదు. అయితే ఆ రోజు ఇద్దరికి జ్వరమని సెలవు పెడితే, మార్లిస్ నెత్తిన వరసగా మూడు రూట్లు పెట్టింది నేను. ఒక దానికీ ఇంకో దానికీ మధ్య ఆమెకి నాలుగు నిమిషాలు కూడా మిగలవని నాకు తెలుసు. అది ఉత్తరంలో రాయలేదు. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. నా కుర్చీ నాకు మిగిలింది.

ఆమె వంతు వచ్చింది. ఎక్కింది, అద్దాలు సరిచేసుకుంది, నావైపు చూడకుండా బస్సు కదిలించింది. ఒక్క కోను కూడా కదల్లేదు. ఆపి, ఇంజను కట్టేసి, లేచింది. వెనక్కి నడిచింది. రెండు వైపులా ఒక్కో సీటు మీద చెయ్యి వేస్తూ, వంగి కింద చూస్తూ, చివరిదాకా. పొద్దుటి నుంచి ఎక్కిన ముప్పై మందిలో ఆ పని ఎవరూ చెయ్యలేదు.

మెట్ల దగ్గర నిలబడ్డవాడెవడో, "ఏం పోయింది మార్లిస్, ఉంగరమా?" అన్నాడు.

"ఏం పోలేదు. పోలేదనే చూసుకుంటున్నా" అంది.

దిగాక నా ఎదురుగా నిలబడింది. "లైసెన్సు ఉంది. కంకర లారీ నడుపుతున్నా. నువ్వు ఫారం ఇస్తావా, ఇవ్వవా, అది చెప్పు."

"ఒక్క పది నిమిషాలు ఉండు" అన్నాను.

ఎందుకంటే ఆ పిల్ల తల్లి రెనే జిమ్ములోనే ఉంది. వంటగది ఉద్యోగానికి వచ్చింది. వాళ్ళ ఇల్లు పదకొండో రూటులోనే. పిల్లకి ఇప్పుడు తొమ్మిదేళ్ళు. చాక్లెట్ బిళ్ళ తింటూ కుర్చీలో కాళ్ళు ఊపుతోంది. నేను జిమ్ము చుట్టూ రెండుసార్లు తిరిగాను, ఏదో పని ఉన్నట్టు. మూడోసారి ఆగాను.

"రెనే, మార్లిస్ వచ్చింది. ఉద్యోగం అడుగుతోంది."

"చూశాను. వద్దని చెప్పండి."

"ఆమె లేకపోతే మీ రూటు పోతుంది."

"అయితే నేను మిల్లు షిఫ్టు మార్చుకుంటాను. మా అమ్మాయిని ఆమె బస్సెక్కించమంటారా? ఆ రోజు పిల్ల పెదాలు నీలంగా ఉన్నాయి. మీరు చూడలేదు, నేను చూశాను."

అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకుంటే నాలుగేళ్ళుగా మోసినట్టే ఇదీ మోసుకుంటూ తిరుగుతాను. నాకు విసుగొచ్చింది, నా మీద నాకే.

"ఆ రోజు ఆమెకి మూడు రూట్లు వేశాను. ఊపిరి తీసుకునే టైము కూడా ఇవ్వలేదు. అది తెలిసే వేశాను."

రెనే చేతిలో పెన్ను ఆగిపోయింది. "ఈ మాట అప్పుడెందుకు చెప్పలేదు?"

"నా ఉద్యోగం పోతుందని."

"ఆమెది పోయింది. మీరింకా ఇక్కడెందుకున్నారు?"

ఆమె వంగి కూతురి మూతికంటిన చాక్లెట్ తుడిచింది.

"ఆమెని క్షమించానని అనుకోకండి. కానీ నాకు చెప్పిన మాట సోమవారం బోర్డు ముందు చెప్పండి, అందరూ వింటుండగా. అప్పుడు మా అమ్మాయి ఆ బస్సెక్కుతుంది. మొదటి వారం నేనూ ఎక్కుతాను, చివరి సీట్లో కూర్చుంటాను."

ప్రూట్ ఈ సంగతి విని నన్ను పక్కకి లాగాడు. "ఇదంతా తవ్వడం దేనికి? వెర్లిన్‌కి తమ్ముడున్నాడట, వాడి చేత సంతకం పెట్టించు."

"వాడికి ఒక కన్ను సరిగ్గా కనబడదండీ."

బయట మార్లిస్ ఫారం తీసుకుంది. రెనే షరతు చెప్పాను. ఆమె ఫారాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మూడు రూట్ల సంగతి నీకు గుర్తుందా?" అని అడిగింది.

"ఉంది."

"నాకు ఒక్కసారైనా ఫోను చేసి చెప్పలేదే."

"చెప్పలేకపోయాను మార్లిస్."

ఆమె ఫారం మడిచి కోటు జేబులో పెట్టుకుంది. "సోమవారం నేనూ వస్తాను. నీ నోటితో విన్నాకే సంతకం."

ఆదివారం ఎలా గడిచిందో అడగకండి. వంటగది అలమరాలన్నీ కడిగాను. మాటలు కాగితం మీద రాశాను, చింపాను.

సోమవారం సమావేశంలో ఒక్కొక్కరికి మూడు నిమిషాలు ఇచ్చారు. నాకు ఒక్కటి సరిపోయింది. తేదీ చెప్పాను, మూడు రూట్ల నంబర్లు చెప్పాను, ఉత్తరంలో రాయకుండా వదిలేసింది చెప్పాను. రెనే చేతులు కట్టుకుని గోడవైపు చూస్తోంది. వెనక నుంచి మార్లిస్ లేచి వచ్చి, ఫారం అధ్యక్షుడి బల్ల మీద పెట్టి, ఆయన ముందే సంతకం చేసింది.

రూటు నిలిచింది. చేతులెత్తమంటే బోర్డు సభ్యులు ఐదుగురూ ఎత్తారు. ఆ తర్వాత అధ్యక్షుడు పక్కనున్న బోర్డు వకీలుతో గుసగుసలాడి, "లార్నా సంగతి మేం లోపల మాట్లాడుకోవాలి, మిగతావాళ్ళు బయటికెళ్ళండి" అన్నాడు. ప్రూట్ నావైపు చూడకుండా తలుపు మూశాడు.

నడవాలో బెంచీ మీద కూర్చున్నాను. లేచాను, మళ్ళీ కూర్చున్నాను. లోపల మాటలు వినబడుతున్నాయి గానీ తెలియడం లేదు. దగ్గర దగ్గర ముప్పై ఏళ్ళు చేసిన ఉద్యోగం ఆ తలుపు వెనక ఏమవుతోందో అని భయం వేసింది. భయం వేసిందని ఒప్పుకోవడానికి సిగ్గేం లేదు.

జనం వెళ్ళిపోయారు. మార్లిస్ వెళ్ళలేదు. వచ్చి నా పక్కన, మధ్యలో కొంచెం చోటు వదిలి కూర్చుంది.

"ఆ రూట్లో పంతొమ్మిది మంది కదా?" అంది.

"అవును."

"పేర్లు చెప్పు. ఎక్కే వరసలో చెప్పు."

మట్టిరోడ్డు మొదటి మలుపు నుంచి మొదలుపెట్టి పంతొమ్మిది పేర్లూ చెప్పాను. ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ వింది. అయ్యాక మళ్ళీ మొదటి నుంచి చెప్పమంది.