బాలీరైన్ చర్చి గంట

చంద్రకళ థర్మామీటరు మళ్ళీ ముసలాయన నుదుటికి గురిపెట్టింది. అంకె మారలేదు. ఓట్స్ గిన్నె చల్లారిపోతోంది. ఆర్థర్ రటిల్ చెంచా ముట్టుకోలేదు. ప్లాస్టిక్ ఏప్రాన్, గ్లౌజులు, మాస్కు, మొహానికి అడ్డంగా అద్దంలాంటి రేకు, ఇవన్నీ తగిలించుకునే ఆమె రోజూ పొద్దున ఈ ఇంట్లో అడుగు పెడుతుంది. అయినా ఇవాళ ఆమెకు భయమేసింది. ముసలాయన పెదవుల అంచున నీలం కనిపిస్తోంది.

"అంకుల్, మా ఆఫీసుకు ఫోన్ చెయ్యాలి," అంది, ఆయన చెవి మిషన్లకు అందేలా కాస్త గట్టిగా.

ఎనభై దాటిన మనిషిని పేరు పెట్టి పిలవడం ఆమెకు చేతకాదు. ఇళ్ళకు వెళ్ళి ముసలివాళ్ళను చూసుకునే తోటి కేరర్లంతా ఆర్థర్, ఆర్థర్ అంటారు. వచ్చిన కొత్తలో ఆమె అంకుల్ అంటే, తనకు తోడబుట్టినవాళ్ళే లేరు, ఎవరికి అంకుల్నయ్యానబ్బా అని ఆయన తెగ ఆలోచించాడు. తర్వాత ఆ పిలుపే కావాలనిపించిందో ఏమో, ఊరుకున్నాడు.

ఫోన్ చేస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. అంబులెన్స్ వస్తుంది. మహమ్మారి ముమ్మరంగా ఉన్న ఆ జనవరిలో ఈ ఈడు మనుషులు ఆసుపత్రికి వెళ్ళడమే గాని తిరిగి రావడం అరుదు. చూడ్డానికి కూడా ఎవరినీ రానివ్వరు. చెయ్యకపోతే ఆయనకు ఊపిరి ఆడదు. ఆమె ఫోన్ చేసింది.

బాలీరైన్ కిల్కెన్నీ పట్నానికి కాస్త దూరంలో ఉంటుంది. ఊరంటే ఒక వాగు, దానిమీద రాతి వంతెన, కొన్ని ఇళ్ళు, మిట్ట మీద చిన్న చర్చి, వాగుకు అవతల సమాధులు. అంతే. మూడు వందల ఏళ్ళ కింద జర్మనీలో, రైన్ నది పక్కన ఒక పల్లెలో చలికి ద్రాక్షతీగలు గడ్డకట్టి చచ్చాయి. అప్పటికే యుద్ధాలతో, పన్నులతో నలిగి ఉన్న కొన్ని కుటుంబాలు దొరకు తెలియకుండా పడవలెక్కి, లండన్ మీదుగా వచ్చి ఇక్కడ తేలాయి. ఇక్కడి భూస్వామి పొలాలు కౌలుకిచ్చాడు. వాళ్ళు అవిసె పండించారు, క్యాబేజీ ఊరవేసుకున్నారు, చర్చి కట్టుకున్నారు. అన్నీ కుదిరినా ఒక్క బాధ మాత్రం పోలేదు. దొంగల్లా వచ్చేశాం, మా ఊరి గంట మా కోసం మోగలేదు అని.

అందుకని ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. బాలీరైన్ నుంచి ఎవరు శాశ్వతంగా వెళ్ళిపోయినా, కాటికైనా సరే కెనడాకైనా సరే, వాళ్ళు వంతెన దాటేదాకా గంట మోగాలి. కొట్టేది ఇంటి మనిషి కాకూడదు, పొరుగువాడై ఉండాలి. దెబ్బకూ దెబ్బకూ మధ్య నింపాదిగా ఊపిరి పీల్చుకునేంత వ్యవధి ఇవ్వాలి. పెళ్ళిగంటైతే వేరు. అది గబగబా, ఆగకుండా మోగుతుంది.

ఆర్థర్ పాలకేంద్రంలో డబ్బాలు కడిగి బతికాడు. మిగిలిన పొద్దంతా చర్చి చాకిరీ. గడ్డి కొయ్యడం, చలికాలం పొయ్యి రాజెయ్యడం, గంట తాడు లాగడం. తాను చేసుకోవాలనుకున్న పిల్ల ఇంకొకణ్ణి చేసుకుంటే ఆ పెళ్ళిగంట కూడా ఈ మహానుభావుడే కొట్టాడు. ఆ జంట కెనడా వెళ్ళిన రోజున రెండో గంటా ఆయనే కొట్టాడు. అలా ఊరంతటినీ వంతెన దాటించాడు. జర్మనీ నుంచి వచ్చిన ఇంటిపేర్లలో ఊళ్ళో మిగిలింది ఇప్పుడు రటిల్ ఒక్కటే.

ఆయన దగ్గు ఆపుకుని, ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నేను వంతెన దాటేటప్పుడు గంట కొట్టు, చంద్రా. అది వింటూ పోవాలని ఉంది. నాకింకెవరున్నారు?"

నిజమే, ఎవరూ లేరు. పక్కింటి మార్గరెట్ కర్ర పట్టుకుని గేటు దాకా నడవడమే గగనం. పాస్టరు వేరే ఊళ్ళో ఉంటాడు, రోడ్ల మీద పోలీసులు కార్లు ఆపుతున్నారు. కొత్తగా వచ్చి చేరిన కుటుంబాలకు ఈ గంట సంగతే తెలియదు. అయినా చంద్రకళకు మనసొప్పలేదు. బతికున్న మనిషికి పోయినవాళ్ళ గంటా? శుభం పలకరా అంటే ఈయనిలా పలుకుతాడేమిటి? ఎవరైనా తుమ్మితే కూర్చుని, మంచినీళ్ళు తాగి కదిలే ఇంట్లో పుట్టింది ఆమె.

"మీరు తిరిగొస్తారు అంకుల్. అలాంటి మాట అనకూడదు."

ఆయన చెయ్యి వదిలేసి కిటికీ వైపు తిరిగాడు. బతిమాలలేదు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

అంతలో జగన్ ఫోన్ చేస్తే ఆమె సంగతి చెప్పింది. కిల్కెన్నీలో ఇంట్లోనే కూర్చుని సాఫ్ట్‌వేర్ పని చేసుకునే భర్త.

"జల్ది బయటికి రా. ఇంట్ల పిల్ల ఉన్నది, యాది పెట్టుకో."

"ఒక్కణ్ణి ఇడిసి యాడికి రావాలె? అంబులెన్స్ అచ్చేదాక ఉంట."

అంబులెన్స్ వచ్చింది. తెల్ల సూట్ల వాళ్ళిద్దరు లోపలికి వెళ్ళి ఆమెను బయట నిలబడమన్నారు. పెరట్లో మంచు తొక్కుతూ అటూ ఇటూ తిరిగింది. లోపల ఆక్సిజన్ పెడుతున్నట్టున్నారు. కొడితే పాపం తనది. కొట్టకపోతే ఆయన ఆ మొదటివాళ్ళలాగే, చప్పుడు లేకుండా, దొంగలా పోవాలి. స్ట్రెచర్ చక్రాల చప్పుడు వినగానే చంద్రకళ పరుగందుకుంది.

గంట తాడు చర్చి వసారాలోనే వేలాడుతుంది. దానికి తాళం లేదు. ఒక్క దెబ్బ కొట్టింది. మిట్టంతా అదిరింది. ఊపిరి పీల్చుకునేంత సేపు ఆగాలి. ఆ సందులో కింద అంబులెన్స్ కదిలిన చప్పుడు వినిపించింది. రెండో దెబ్బ తన చేతులతో కొడితే ఆయన ప్రాణం తానే లాగేసినట్టవుతుందనిపించింది. వల్ల కాలేదు. గుళ్ళో హారతి వేళ గంట కొట్టడం ఒక్కటే ఆ చేతులకు తెలుసు. గబగబా, ఆగకుండా లాగడం మొదలుపెట్టింది. తప్పని తెలుసు. కళ్ళ నీళ్ళు మాస్కులోకి కారుతున్నా, అంబులెన్స్ వంతెన దాటి చెట్ల వెనక మాయమయ్యేదాకా కొడుతూనే ఉంది.

దిగి వస్తుంటే గేటు దగ్గర మార్గరెట్ నిలబడి ఉంది. ఈ లాక్‌డౌన్‌లో ఎవరి పెళ్ళమ్మా అని అడిగింది.

"ఆర్థర్‌ది," అంది చంద్రకళ. ఆయన పేరు పెట్టి అనడం అదే మొదలు.

మార్గరెట్ వంతెన వైపు చూసింది. "మంచిదే. ఇన్నాళ్ళకైనా," అని, కర్ర ఊతంగా లోపలికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం దాకా చంద్రకళ ఇల్లు తుడిచింది. మందు కలిపిన నీళ్ళతో తలుపుల గొళ్ళేలు, స్విచ్చులు, కుర్చీ చేతులు తుడుస్తుంటే ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. వార్డుకు చేర్చేలోపే పోయాడట. పక్కన నర్సు ఉందట. ఆమె పెరటి మెట్ల మీద కూలబడి, ఎవరో సొంతవాళ్ళు పోయినట్టే ఏడ్చింది. తర్వాత జగన్‌కు చెప్పింది.

"పోయిండు. గని గంట ఇన్నడు. గది సాలు."

"ఇన్నడు తియ్," అన్నాడు జగన్ మెల్లగా.

మొహం కడుక్కుని, పక్క బట్టలు తియ్యడానికి పడకగదిలోకి వెళ్ళింది. ఆక్సిజన్ మాస్కు పట్టీకి అడ్డమొస్తున్నాయని తీసి పెట్టినట్టున్నారు, ఆర్థర్ చెవి మిషన్లు రెండూ కిటికీ గట్టు మీద పక్కపక్కనే ఉన్నాయి, ఇంకా ఆపకుండానే, సన్నగా కూస్తూ.